కోవిల్‌పట్టి – విరుదునగర్ పోటీలో గెలిచిందెవరు

ఈమధ్య మా వీధి పిల్లలు నలుగురు వచ్చి, "తాతా, మీరు కోవిల్‌పట్టి బడిలో ఉద్యోగం చేసేటప్పుడు అమెరికా ఫుట్‌బాల్ ఆడించారట గదా, నిజమా?" అని అడిగారు. నిజమే అన్నాను. "ఎవరు గెలిచారు?" అన్నారు. అప్పట్లో ఇదే ప్రశ్న అరవై బండ్ల జనం నన్ను ఒకేసారి అడిగారు. ఆనాడూ నోట మాట సరిగా రాలేదు, ఈనాడూ రాలేదు. నోటితో చెప్పలేనిది రాసి చెప్పవచ్చునని కూర్చున్నాను. చదివే మీరంతా నాకంటే చిన్నవాళ్ళే అయివుంటారు. నవ్వుకోండి, ఫరవాలేదు. చివరిదాకా మాత్రం చదవండి.

పంతొమ్మిది వందల ముప్పైల మొదటి సంవత్సరాలు. బడిలో నేను సగం గుమస్తాను, సగం లైబ్రేరియన్‌ను. పొద్దున హాజరు పట్టీలు సరిచూడటం, మధ్యాహ్నం రెండు బీరువాల తాళాలు తీయడం. ఆ రెండు బీరువాలకే లైబ్రరీ అని పేరు. నేను బడిలో చదివింది అయిదో తరగతి దాకా. మా కరిసల్ ఊళ్ళలో, అంటే నల్లరేగడి పల్లెల్లో, ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని చదవం; బడి చదువంతా అరవమే. తెలుగు అక్షరాలు ఇరవయ్యో ఏట నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషేమో నిఘంటువు పక్కన పెట్టుకొని నేర్చుకున్నాను.

ఆ బీరువాల్లో నా ప్రాణం ఒక విజ్ఞాన సర్వస్వం. ఊరు విడిచిపోతూ ఒక మిల్లు దొర బడికి ఇచ్చిపోయాడు. 'ఏ' అక్షరం నుంచి 'ఎఫ్' దాకా ఆరు సంపుటాలు. మిగతావి ఎవరికిచ్చాడో తెలియదు. ఆరింటినీ మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివాను. కాబట్టి ఎఫ్ దాకా ప్రపంచంలో నాకు తెలియనిది లేదు. జి మొదలుకొని నేనూ అందరిలాంటివాణ్ణే. టీచర్లెవరైనా గ్రావిటేషన్ గురించి అడిగితే మెల్లగా మాట మార్చి ఎలిఫెంట్ మీదికి తెచ్చేవాణ్ణి. బడిలో నాకు పండితుడని పేరు. ఆ పేరు మీద నాకు కొంచెం ఎక్కువ మోజే ఉండేది.

ఇక కష్టం సంగతి. బడి ఆటస్థలం బడిది కాదు. ఊరికి తూర్పున నాలుగెకరాల నల్లరేగడి అది. మా ఊరి పెద్ద రైతు ఒకాయన సొత్తు. వరస కలిపితే నాకు మామ. హైస్కూలుకు ఆటస్థలం చూపించాలని పైవాళ్ళు అన్నప్పుడు ఆయన "వాడుకోండి" అని నోటిమాటగా ఇచ్చాడు. ఏడాది గడిచింది, మేం వాడుకోలేదు. ఎండలో ఆ నేల చెయ్యి దూరేంత పగుళ్ళు విచ్చుతుంది, వానలో మోకాలిదాకా దిగబడుతుంది. దాంట్లో ఏం ఆడతాం? ఆగస్టు మధ్యలో మొదలయ్యే అరవ నెల ఆవణిలో ఒక పొద్దున మామ నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏం అల్లుడూ, నా నేల్లో ఏం ఆడతా ఉండారు?"

"ఆడబోతా ఉండాం మామా."

"ఏడాదిగా ఆడబోతానే ఉండారు. వచ్చే నెల పురటాసిలో వాన పడతానే పత్తి ఏస్తా. నేల ఊరికే పడుంటే నాకు నిద్ర పట్టదప్పా."

హెడ్‌మాస్టరు పరుగున వచ్చారు. ఆయన అరవ పెద్దమనిషి, తలపాగా లేకుండా ఎవరికీ కనబడరు. ఆ రోజు తలపాగా లేకుండానే వచ్చారు. అయ్యా అనీ, పిల్లల భవిష్యత్తు అనీ బతిమాలారు. మామ చాలాసేపు మీసం దువ్వుకొని చివరికి అరవంలో ఒక మాట చెప్పాడు.

"ఈ నెలాఖరులోగా దాంట్లో ఏదన్నా ఆడండి. ముందెవడూ చూడనిదై ఉండాల. చుట్టుపక్కల ఊళ్ళు వచ్చి చూడాల. చూసినోడు ఇంటికి పోయి పెళ్ళానికి చెప్పుకోవాల. అట్లయితే నేల బడిది. లేకుంటే పత్తిది."

ఆయన వెళ్ళాక హెడ్‌మాస్టరు నా వైపు తిరిగారు. "ఆటస్థలం పోతే ఆఖరి తరగతి, ఆరో ఫారం పోతుంది. ఆరో ఫారం పోతే ఇది హైస్కూలు కాదు. హైస్కూలు కాకపోతే లైబ్రరీ ఎందుకు? లైబ్రరీ లేకపోతే..." అని ఆపి, నన్ను చూడలేక కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నా ఉద్యోగానికి ఎసరు వచ్చిందని అర్థమైంది. ఆ క్షణంలో నా నోట ఒక మాట దానంతటదే వచ్చింది: "అయ్యా, అమెరికా కాలేజీల్లో ఒక ఆట ఉంది."

ఉంది మరి. ఎఫ్ సంపుటంలో పద్నాలుగు పుటల వ్యాసం. నిలబడి గడగడా చెప్పాను. మొదట్లో ఒక్కో పక్క ఇరవై అయిదుగురు ఆడేవారు, తర్వాత పదిహేనుగురు, ఆ తర్వాత పదకొండుగురు. బాణం మొనలా వరస కట్టి ఎదుటివాళ్ళ మీదికి దూసుకుపోయే ఎత్తు ఒకటుండేది. ఎముకలు మరీ విరుగుతున్నాయని దాన్ని మానిపించారు. ఒక ఏడాది పిల్లలు ప్రాణాలే పోగొట్టుకుంటే, దేశాధ్యక్షుడంతటివాడు కాలేజీలవాళ్ళను పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాడు. చూడటానికి జనం అంతగా విరగబడితే ఒక కాలేజీవారు సిమెంటుతో గుర్రపు నాడా ఆకారంలో స్టేడియం కట్టారు. ఇంకొకరు నేలను గిన్నెలా తవ్వి, తవ్విన మట్టి చుట్టూ పోసి, దాని మీద వరసలు తీర్చారు.

హెడ్‌మాస్టరుకు ప్రాణాలు పోయిన దగ్గర ముఖం పాలిపోయింది. స్టేడియం దగ్గర మళ్ళీ రంగు వచ్చింది. "ఆట నీకు వచ్చా?" అన్నారు.

"దాని చరిత్ర మొత్తం వచ్చు" అన్నాను.

అబద్ధం చెప్పలేదని మీరు గమనించాలి. పద్నాలుగు పుటల చరిత్ర తర్వాత "ఆడే విధానం" అని ఒక శీర్షిక ఉంది. దాని కింద చెదపురుగులు అల్లిన జల్లెడ ఉంది. రెండు కాగితాలు పూర్తిగా తినేసి, మూడో కాగితంలో ఫోర్జరీ గురించిన వ్యాసం మొదలయ్యే చోట తృప్తిపడి ఆగాయి. చరిత్రను బట్టీ, రెండు బొమ్మలను బట్టీ నేను ఊహించగలిగింది ఇంతే: బంతి కోలగా ఉంటుంది. పదకొండుగురు. బంతిని చంకన పెట్టుకొని ఎదుటివాళ్ళ గీత దాటాలి. పట్టుకొచ్చేవాణ్ణి పడగొట్టాలి. పడ్డాక ఏమవుతుంది? అది చెదల కడుపులో ఉంది.

మర్నాడు మా డ్రిల్లు మాస్టరు అదే అడిగాడు. ఆయన పెద్ద యుద్ధానికి పోయివచ్చిన సిపాయి. కారణం లేకుండా ఏ పనీ చేయడు, కారణం చెబితే ఏ పనైనా చేస్తాడు.

"పట్టుకొని పడగొట్టేశాం. సరే. పడ్డవాడు ఏం చెయ్యాలి సార్?"

తెలియదు అని ఒక మాట అంటే సరిపోయేది. ఏ నుంచి ఎఫ్ దాకా తెలిసినవాడు ఆ మాట ఎలా అంటాడు?

"మిగతాదంతా వాడుక ప్రకారమే" అన్నాను గంభీరంగా.

"ఓ, అంతేనా!" అని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకొని వెళ్ళిపోయాడు. ఏ వాడుక అనుకున్నాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఎదురు జట్టు కోసం రైలెక్కి విరుదునగర్ వెళ్ళాను. మిరపకాయల మండీల ఊరు గదా, స్టేషన్‌లో దిగినప్పటి నుంచి బడి గేటు దాకా తుమ్ముతూనే నడిచాను. అక్కడి బడి డ్రిల్లు మాస్టరు సన్నగా పొడుగ్గా, ఎండలోనూ నీడలోనూ గొడుగు పట్టుకొని ఉండే మర్యాదస్తుడు. పద్నాలుగు పుటల చరిత్రా నేను చెబుతుంటే నిలబడే విన్నారు.

"చాలా గొప్ప ఆట అయ్యా," అన్నారు అరవంలో. "మా పిల్లలు తప్పక వస్తారు. కోవిల్‌పట్టివాళ్ళు పిలిచారంటే, గిల్లుకొనే ఆట అయినా మా ఊరు వెనక్కి పోదు. ఒక్క సందేహం. పడ్డవాడు..."

"వాడుక ప్రకారం," అన్నాను.

"ఓ, అంతేనా!" అన్నారు ఆయన కూడా.

ఇద్దరు మాస్టర్లూ ఒకే మాట అనడంతో నాకు ధైర్యం వచ్చింది. లోకంలో ఏదో ఒక వాడుక ఉంది, అది నాకు తప్ప అందరికీ తెలుసు, ఇబ్బంది లేదు అనుకున్నాను.

బంతి ఎక్కడా దొరకదు గనుక, బావి మోటలకు తోలు సంచులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి బొమ్మ పట్టుకెళ్ళాను. ఆయన బొమ్మను నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు.

"ఇది గుమ్మడికాయా?"

"బంతి పెద్దాయనా."

"బంతి గుండ్రంగా ఉండాల గదా. దీన్ని ఎవరు తొక్కారు?"

అయినా కుట్టాడు. లోపల గాలి నింపే తిత్తి మా దగ్గర లేదు గనుక పత్తి కుక్కాడు. మామూలు దూది కాదు, గింజ తీయని పత్తి. నీళ్ళమోటకు వేసే కుట్టు వేశాడు. పూర్తయ్యాక ఆ బంతిని ఒక చేత్తో ఎత్తడానికి మా పిల్లల్లో నలుగురికే సాధ్యమైంది.

పిల్లలు అన్నానా? ఆ రోజుల్లో ఆరో ఫారం పిల్లలంటే మీసాలున్న మనుషులు. ముగ్గురికి పెళ్ళిళ్ళయ్యాయి. ఒకడికి కూతురు కూడా ఉంది. ప్రాణాలు పోయిన సంగతి విన్నాక హెడ్‌మాస్టరు ఒక్కొక్కరికీ పొట్టకూ వీపుకూ దూది కట్టాలని ఉత్తర్వు వేశారు. దూది మామే ఇచ్చాడు. కట్టి చూస్తే పదకొండు పరుపులు నడిచి వస్తున్నట్టు ఉన్నారు.

ఇక స్టేడియం. మొదట నేను గిన్నె ఆకారమే అడిగాను.

"తవ్వాలి మామా. మధ్యలో లోతుగా తవ్వి..."

"నా కరిసల్ నేల తవ్వుతావా? తవ్వు అల్లుడూ, తవ్వు. నిన్ను దాంట్లోనే పూడుస్తా."

కాబట్టి గుర్రపు నాడా. ముందు పిల్లలచేత నేల పగుళ్ళన్నీ మట్టితో పూడ్పించాం. సిమెంటు లేదు, ఇటుకలు లేవు. బండ్లు ఉన్నాయి. బండ్లను నాడా ఆకారంలో వరసగా నిలిపి, ఎద్దుల్ని విప్పి వెనక కట్టేస్తే చాలు. నేల మీద కూర్చున్నవాళ్ళు మొదటి వరస, నొగల మీద ఎక్కినవాళ్ళు రెండో వరస, బండిలో నిలబడ్డవాళ్ళు మూడో వరస, గూడు మీద ఎక్కినవాళ్ళు నాలుగో వరస. అమెరికావాళ్ళు ఏళ్ళ తరబడి కట్టిన స్టేడియాన్ని మేం ఒక్క పొద్దులో కట్టాం. పైగా ఆట అయ్యాక దాన్ని ఇంటికి తోలుకుపోవచ్చు.

పోటీ రోజు వచ్చింది. నాగలాపురం నుంచి, కడంబూరు నుంచి, పేరు తెలియని పల్లెల నుంచి బండ్లు దిగాయి. విరుదునగర్ రైలు వచ్చేసరికి ఇంజనుకు కూడా జనం వేలాడుతున్నారని చెప్పుకున్నారు. అరవై బండ్ల నాడా నిండిపోయింది. నడిమధ్య బండిలో పరుపు వేయించుకొని మామ కూర్చున్నాడు. పక్కన హెడ్‌మాస్టరు, ఈసారి తలపాగాతో.

ఆటకు ముందు చరిత్ర చెప్పడం న్యాయమని నాకు తోచింది. ఆట నడిపించేవాణ్ణి నేనే గనుక మెడలో ఈల వేసుకొని, రేకు బాకా పట్టుకొని మొదటి కాలేజీ పోటీ దగ్గర మొదలుపెట్టాను. బాణం మొన వరస దగ్గరికి వచ్చేసరికి వేరుశనక్కాయలమ్మే ఒక పెద్దమ్మ బుట్ట దించుకొని, "కథ బాగుంది అయ్యా, పెళ్ళి ఎవరికి?" అంది. నాడా అంతా నవ్వింది. దేశాధ్యక్షుడి దాకా వచ్చాక మామ స్వయంగా, "అల్లుడూ, ఆయన్ను కూర్చోబెట్టి నువ్వు ఈల ఊదప్పా!" అని అరిచాడు. స్టేడియాల చరిత్ర మిగిలిపోయిందన్న బాధతోనే ఊదాను.

ఆట మొదలు. మా వాడు ఒకడు పది అడుగులు పరుగెత్తుకొచ్చి బంతిని తన్నాడు. బంతి జానెడు కదిలింది. వాడు బొటనవేలు పట్టుకొని వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు లేచాడు, దూది సర్దుకున్నాడు, కుంటుకుంటూ గీత బయటికి పోయి బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

దెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

విరుదునగర్‌వాడు ఒకడు బంతిని రెండు చేతులా ఎత్తుకొని బయలుదేరాడు. మావాళ్ళు ముగ్గురు మీదపడి బోర్లా పడేశారు. వాడూ లేచాడు, దులుపుకున్నాడు, బయటికి పోయి కూర్చున్నాడు. తర్వాత మావాడు ఎత్తుకున్నాడు, పడ్డాడు, పోయాడు. వాళ్ళవాడు ఎత్తుకున్నాడు, పడ్డాడు, పోయాడు. గీత పక్కన రెండు వరసలు పెరుగుతున్నాయి. కూర్చున్నవాళ్ళు నోరెత్తకుండా, చచ్చినవాళ్ళంత బుద్ధిగా కూర్చున్నారు.

అప్పుడు నా బుర్రకు వెలిగింది. సడుగుడు! మీరంతా చెడుగుడు అంటారు, అదే. మా నేలలో ఇద్దరు మగపిల్లలు కలిస్తే ఆడే ఆట అదొక్కటే. కూత పెట్టుకుంటూ ఎదుటివాళ్ళ బరిలోకి పోవాలి, ఒకణ్ణి తాకాలి, తిరిగి తన బరిలోకి వచ్చెయ్యాలి. తాకించుకున్నవాడు చచ్చాడు. రాకముందే పట్టుబడితే పోయినవాడు చచ్చాడు. చచ్చినవాడు బయట కూర్చోవాలి. ఇద్దరు మాస్టర్లూ "ఓ, అంతేనా" అన్న వాడుక ఇదీ!

ఆపుదామా అనుకున్నాను. ఆపి ఏం చెప్పను? చచ్చినవాళ్ళను ఏం చేయాలో నాకూ తెలియదు గదా. యాభై అరవై ఏళ్ళ కాలేజీ పోటీల చరిత్ర అంతా మనసులో తిప్పి చూసుకున్నాను. ఆటగాళ్ళు అయిపోయి ఆట ఆగిన పోటీ ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఈల నోట్లో పెట్టుకొని ఊరుకున్నాను.

జనానికి మాత్రం ఏ సందేహమూ లేదు. వాళ్ళకు తెలిసిన ఆటే, కాకపోతే చంకలో గుమ్మడికాయ ఎక్కువ. ఒక్కొక్కడు చస్తుంటే అరవై బండ్లూ ఊగుతున్నాయి.

చివరికి రెండు వైపులా ఒక్కొక్కరే మిగిలారు. విరుదునగర్ వైపు, మండీలో మిరపకాయల మూటలు మోసి మోసి భుజాలు తలుపంత చేసుకున్న భారీ మనిషి. మా వైపు, నాగలాపురం నుంచి వచ్చి చదువుకుంటున్న బక్కవాడు. పెళ్ళయి మూడు నెలలు. వాడికి పిల్లనిచ్చిన మామగారు నొగ మీద కూర్చొని చూస్తున్నాడు. బంతి ఈ బక్కవాడి చేతిలో ఉంది.

ఇద్దరూ కోడిపుంజుల్లా ఒకరిచుట్టూ ఒకరు తిరిగారు. ఎవడూ ముందుకు రాడు. అప్పుడు మావాడు గట్టిగా గాలి పీల్చి, అలవాటు ప్రకారం, "సడుగుడు సడుగుడు సడుగుడు" అని కూత మొదలుపెట్టాడు. నాడా నాడా అంతా వాడితోపాటు కూత పట్టింది. కూర్చున్న చచ్చినవాళ్ళూ పట్టారు. తలపాగా పట్టుకొని హెడ్‌మాస్టరూ పట్టారు.

మావాడు ఒక్క ఉరుకున పోయి భారీ మనిషి మోకాలు తాకాడు. ఆయన ధన్‌మని మీదపడి మావాడి నడుం పట్టుకున్నాడు. పట్టులోకి నడుం రాలేదు, దూది వచ్చింది. పరుపంతా ఆయన చేతుల్లో వదిలేసి మావాడు జారుకున్నాడు. తిరిగి చూడకుండా పరుగు. ఎటు? తన బరివైపు! బంతి చంకన పెట్టుకొని, కూత ఆపకుండా, మైదానం అంతా దాటి, తన గీతే తాను దాటి, దాని వెనక బంతితో సహా బోర్లా పడ్డాడు.

ఆ అరుపు మీరు వినలేదు, ఏం చెప్పను. వెనక కట్టిన ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. మావాళ్ళు బక్కవాణ్ణి భుజాలకెత్తారు. విరుదునగర్‌వాళ్ళు భారీ మనిషిని ఎత్తబోయి, బరువుకు ఆగలేక చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. రెండు జట్లూ గెలిచాయి.

"తాకి తిరిగొచ్చాడు. గెలుపు మాది" అన్నాడు మా డ్రిల్లు మాస్టరు.

"తాకిన మాట నిజమే మాస్టర్," అన్నారు గొడుగు పట్టుకొన్న ఆయన. "కాని బంతి మా గీత దాటాలని గదా చెప్పారు. తీసుకుపోయి మీ గీతే దాటించారు. అటువంటప్పుడు గెలుపు మాది కాదా?"

"తిరిగి రాకుండా అక్కడే కాపురం చేస్తాడా?"

"కాపురం సంగతి నాకు తెలియదు. బంతి సంగతి అడుగుతున్నాను."

రెండు ఊళ్ళ జనం నేలకు దిగారు. చొక్కా చేతులు పైకి పోతున్నాయి. అప్పుడు మామ బండి మీద లేచి నిలబడి చెయ్యెత్తాడు. అందరూ నిలబడిపోయారు.

"ఎందుకప్పా అరుపులు? చదివినోడు ఉండాడు గదా. అల్లుడూ, ఇట్లా రా. చెప్పు, ఎవరు గెలిచారు?"

అరవై బండ్ల జనం నా వైపు తిరిగారు. మావాళ్ళు గెలిచారంటే రైల్లో వచ్చినవాళ్ళు ఊరుకోరు. వాళ్ళు గెలిచారంటే తన నేలలో తన ఊరు ఓడిందని మామ రేపు పొద్దునే నాగలి కడతాడు. హెడ్‌మాస్టరు నన్ను చూడలేదు, ఆకాశం చూస్తున్నారు. నా నోరు రెండుసార్లు తెరుచుకొని మూసుకుంది. మూడోసారి తెరిస్తే నిజం వచ్చింది.

"నాకు తెలీదు మామా."

"తెలీదంటే?"

"ఆట చరిత్ర తెలుసు. ఆట తెలీదు. ఆ కాగితాలు చెదలు తినేశాయి."

మామ నన్ను నెత్తి నుంచి కాళ్ళదాకా చూశాడు.

"ఎన్ని కాగితాలు?"

"రెండు."

"నీ చరిత్ర ఉన్నవి ఏంటికి విడిచాయప్పా? వాటిని గదా తినాల్సింది!"

ఎవరు మొదలుపెట్టారో గాని నవ్వు నాడా ఈ చివర నుంచి ఆ చివరికి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. చొక్కా చేతులు కిందికి దిగాయి. నేను మాత్రం నవ్వలేదు. ఏడేళ్ళుగా పోగేసుకున్న పండితుడనే పేరు ఆ నవ్వులో కొట్టుకుపోవడం నా కళ్ళతో చూశాను.

నవ్వు తగ్గాక మామ ముఖం ముడుచుకుంది. ఆయనకు వేరే దిగులు పట్టింది. "ఇంత జనాన్ని నా నేలకు పిలిపించి, ఎవడు గెలిచాడో చెప్పకుండా పంపితే రేపు నేను ఏ ఊరి సంతకు పోగలను? పోయిన చోటంతా అడగరా?" తర్వాత బండి గూడు మీద చరిచి అరవంలో అందరికీ వినబడేట్టు అన్నాడు: "ఇది తేలాల. ఆ కాగితం దొరికి, ఎవరు గెలిచారో తేలేదాకా ఈ నేల్లో నాగలి పెట్టను. తేలిన మర్నాడు పత్తి ఏస్తా. అందాకా ఏటేటా ఇక్కడే ఆడండి."

హెడ్‌మాస్టరు ఆకాశం మీది నుంచి చూపు దించి, "వ్రాసి ఇస్తారా?" అన్నారు.

"అరవై బండ్ల ముందు చెప్పినదానికి కాగితం ఏంటికి సామీ? మళ్ళీ చెదలకా?"

ఆ ఏడు పత్తి వేయలేదు. మరుసటి ఆవణిలో మళ్ళీ ఆడారు, మళ్ళీ తగువు పడ్డారు, మళ్ళీ తేలలేదు. జనం మొదటిసారి కంటే ఎక్కువ వచ్చారు. ఆరో ఫారం నిలిచింది, లైబ్రరీ నిలిచింది, నేనూ నిలిచాను. ఆ కాగితం సంపాదించే పని నా మీదే పెట్టారు. నేనూ నిజంగానే వెదికాను. పోయిన పేరు ఆ రెండు కాగితాలతోనే తిరిగి వస్తుందని నా ఆశ.

మూడో ఏడు బడి పుస్తకాలు కొనే పని మీద మదురై పంపారు. అక్కడ ఒక పఠనమందిరంలో, గాజు తలుపుల వెనక, అదే విజ్ఞాన సర్వస్వం కనిపించింది. అన్ని సంపుటాలూ ఉన్నాయి. ముందు జి తీసి గ్రావిటేషన్ చదవాలని చెయ్యి లాగింది. ఓర్చుకొని ఎఫ్ తీశాను. పద్నాలుగు పుటలు తిప్పాను. "ఆడే విధానం." కాగితాలు రెండూ తెల్లగా, ఒక్క చిల్లి లేకుండా ఉన్నాయి.

పడ్డవాడు లేచి మళ్ళీ ఆడాలట. ఎవడూ చావడట. అది చదివి సిగ్గుపడ్డాను. రెండో కాగితం మధ్యలో ఉంది అసలు సంగతి: ఆటగాడు బంతిని తన గీత వెనక్కే తానే తీసుకుపోయి అక్కడ పడితే ఎదుటి పక్షానికి రెండు పాయింట్లు.

విరుదునగర్ గెలిచింది. రెండు – సున్నా. నా వేలు ఆ వాక్యం మీదే చాలాసేపు ఉంది.

దాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించుకోవడానికి పెన్సిలు తీశాను. అప్పుడు మామ మాట చెవిలో పడింది: తేలిన మర్నాడు పత్తి. పెన్సిలు జేబులో పెట్టుకున్నాను. తెలుసుకున్నది పదిమందికీ చెప్పాలని పుస్తకం ఇచ్చినప్పుడల్లా పిల్లలకు బోధించినవాణ్ణి నేను. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒకసారి నడిపించి పేరు పోగొట్టుకున్నాను. తెలిసినదాన్ని తెలియనట్టు నడిపించడం అంతకంటే కష్టమని ఆ రోజు అర్థమైంది. పుస్తకం మూసి ఇచ్చేశాను. అక్కడి లైబ్రేరియన్, "కావలసింది దొరికిందా?" అన్నాడు. "ఎఫ్‌లో లేదండీ" అన్నాను. తోటి లైబ్రేరియన్‌తో అబద్ధమాడటం అదే మొదలు, అదే ఆఖరు.

ఇన్నాళ్ళకు ఇది ఎందుకు బయటపెడుతున్నానంటే, మామ కొడుకులు ఆ నాలుగెకరాలూ బడి పేరున రిజిస్టరు చేసి ఇచ్చేశారు. చుట్టూ గోడ కూడా లేచింది. ఇప్పుడు నేను నిజం చెప్పినా అక్కడ ఎవరూ పత్తి వేయలేరు. విరుదునగర్‌వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ తాతలు గెలిచారు. ఆలస్యానికి మన్నించాలి.

ఆ పుస్తకం మూసిన సాయంత్రం మదురై నుంచి తిరిగివస్తుంటే రైలు విరుదునగర్‌లో ఆగింది. ఎవరినో ఎక్కించడానికి వచ్చినట్టున్నారు, ప్లాట్‌ఫారం మీద గొడుగుతో డ్రిల్లు మాస్టరు. నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చారు.

"మదురై నుంచా అయ్యా? ఆ కాగితం ఏమైనా దొరికిందా?"

"దొరకలేదు మాస్టర్."

"పోనీండి. ఎక్కడికి పోతుంది, ఎప్పటికైనా దొరుకుతుంది." పొట్లంలోంచి గుప్పెడు కారాసేవు తీసి నా చేతిలో పోశారు. "నా మనసులో మాత్రం మేమే గెలిచామని ఉంది. తప్పుగా అనుకోరు గదా?"

"ఎంతమాట. అట్లాగే ఉండనివ్వండి" అన్నాను. కారాసేవు గుప్పెడూ ఒక్కసారే నోట్లో వేసుకున్నాను.

రైలు కదిలింది. ఆయన నాలుగు అడుగులు వెంట నడిచారు.

"వచ్చే ఆవణికి కొత్త పిల్లల్ని తెస్తున్నాం! నేల ఉంటుందా?"

కిటికీలోంచి తల బయటపెట్టి గట్టిగా అరిచాను.

"ఉంటుంది మాస్టర్, ఉంటుంది!"

ఆ రోజు నేను ఆడిన నిజం అదొక్కటే.